‘బెలారసియన్’ అనే మాటను ఎక్కడ, ఎలా వాడాలి

(అనువాదకులు, పత్రికల డెస్కుల్లో పనిచేసేవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. ఈ రోజు మనం ఒకే ఒక్క మాట గురించి మాట్లాడుకుంటాం. ఒక్క మాటకి ఇంత సమయం ఎందుకండీ అనుకుంటున్నారేమో. సరే, ఒక చిన్న పని చేయండి. మీ చేతిలో ఉన్న కాగితం మీద ‘బెలారస్ దేశానికి చెందిన’ అనే అర్థం వచ్చే విశేషణం ఒకటి రాయండి. ఇంగ్లిష్‌లో కాదు, తెలుగు లిపిలో. రాశారా? పక్కవాళ్ల కాగితం కూడా చూడండి.

బెలారష్యన్, బెలారుసియన్, బెలారసియన్, బైలోరష్యన్, బెలోరష్యన్. ఇక్కడి ముందు వరసలోనే ఐదు రకాలు వచ్చాయి. అక్షరాల తేడాయే కదా, పాఠకుడు ఎలాగైనా అర్థం చేసుకుంటాడు అంటారా? ఒక్క విషయంలో మాత్రం అర్థం చేసుకోడు. వీటిలో కొన్నిటిలో ‘రష్యన్’ అనే మాట నిండుగా వినిపిస్తోంది. చదివేవాడు ఏమనుకుంటాడు? వీళ్లు ఒక రకం రష్యన్లు అనుకుంటాడు. అది అక్షరదోషం కాదు, తప్పు సమాచారం. ఉపసంపాదకుడు ఒక్క అక్షరం మార్చకుండానే తప్పు సమాచారం అచ్చయిపోతుంది.

ముందు ఆ భాషలో ఆ మాట ఎలా ఉంటుందో చూద్దాం. దేశం పేరు బెలరూస్య్. చివరి స్ మామూలు స్ కాదు, మెత్తని స్. మనకు దానికి అక్షరం లేదు. ‘రహస్యం’ అనండి, ‘స్య’ దగ్గర నాలుక ఎలా పైకి లేస్తోందో గమనించండి. ఆ స్థితిలోనే అచ్చు పలకకుండా ఆపేయండి. అదే ఆ మెత్తని స్. ఇప్పుడు ‘గ్యాస్’ అనండి. అది గట్టి స్. ఈ గట్టి స్‌తో బెలరూస్ అంటే దేశం కాదు, మనిషి. ఆ జాతి మగమనిషి. మెత్తని స్‌తో దేశం, గట్టి స్‌తో మనిషి. ఆడమనిషి అయితే బెలరూస్క. భాష పేరు బెలరూస్కయ మోవ. మోవ అంటే భాష. మన ‘మోవి’తో దానికి చుట్టరికమేమీ లేదు, గుర్తు పెట్టుకోవడానికి మాత్రం పనికొస్తుంది. రష్యన్‌లో భాషను యజీక్ అంటారు, మోవ అనరు. ఉక్రెయినియన్‌లో మోవ అనే అంటారు.

ఊనిక, అంటే మాటలో ఒత్తి పలికే చోటు, ‘రూ’ మీద పడుతుంది. అంటే ధ్వని ప్రకారం మనకు దగ్గరగా వచ్చే రూపం ‘బెలరూస్’. మరి మనం ‘బెలారస్’ అని ఎందుకు రాస్తున్నాం? ఇంగ్లిష్ స్పెల్లింగు చివర యు-ఎస్ కనిపించగానే ‘వైరస్’, ‘బోనస్’ లాగా ‘అస్’ అని చదివేశాం, అంతే. అలవాటైపోయింది. పత్రికల్లో, తెలుగు వికీపీడియాలో, వైద్య విద్య ప్రకటనల్లో అన్ని చోట్లా బెలారసే. దాన్ని ఇప్పుడు మార్చమని నేను అనను. స్థిరపడిన పేరును కదిలిస్తే వెతికేవాడికి దొరకదు. నా పట్టుదల ఒక్కటే: దేశానికి బెలారస్ అని రాస్తే విశేషణం కూడా దాని నుంచే రావాలి. బెలారస్ నుంచి బెలారసియన్ వస్తుంది. బెలారష్యన్ రాదు. ఆ ‘ష్య’ ఎక్కడిది? ఆ మాటలో ఎక్కడా లేదు. ఇంగ్లిష్ వాళ్లలో కొందరు ‘రషన్’ అని పలుకుతారు, వాళ్ల నిఘంటువుల్లో కూడా రెండు ఉచ్చారణలూ ఉంటాయి. అది వాళ్ల గొడవ. మనం వాళ్ల గొడవను దిగుమతి చేసుకోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ‘బెల’ అంటే తెలుపు. బెల్‌గ్రేడ్ పేరులో ఉన్న బెల్ కూడా ఇదే, ‘తెల్లని కోట’. మరి ‘రూస్’ అంటే? మన హైదరాబాద్‌లో ఎవరినైనా అడగండి, ఉర్దూ తెలిసినవాళ్లు, హిందీ తెలిసినవాళ్లు ఎవరైనా సరే, రూస్ అంటే రష్యా అంటారు. హిందీలో ఈ దేశాన్ని ‘బేలారూస్’ అనే రాస్తారు. కాబట్టి మన దగ్గర ఈ పొరపాటు రెండు దారుల్లో వస్తుంది. ఇంగ్లిష్ దారిలో ‘రష్యన్’ అని, హిందీ దారిలో ‘రూస్’ అని.

కానీ ఈ రూస్ ఆ రష్యా కాదు. 9వ శతాబ్దం నుంచి కీవ్ కేంద్రంగా పెరిగిన తూర్పు స్లావుల రాజ్యాన్ని, ఆ ప్రజలను, ఆ నేలను రూస్ అన్నారు. అప్పుడు మాస్కో ఒక లెక్కలోనిది కాదు. ఈనాటి బెలారస్‌లో ఉన్న పోలాత్స్క్ పట్టణం ప్రస్తావన 862 సంవత్సరం కింద ప్రాచీన వృత్తాంతంలో ఉంది. మాస్కో ప్రస్తావన మొదటిసారి వచ్చేది 1147లో. ‘రోసియా’ అనేది ఈ రూస్‌కే గ్రీకు వేషం. 15, 16 శతాబ్దాల్లో మాస్కో పాలకులు ఆ గ్రీకు రూపాన్ని తమ రాజ్యానికి వాడుకోవడం మొదలైంది. 1721లో మొదటి పీటరు చక్రవర్తి బిరుదు తీసుకున్నాక అది సామ్రాజ్యం పేరుగా స్థిరపడింది. అంటే రూస్ ముందు, రష్యా తర్వాత. బెలారస్ పేరులో ఉన్నది మొదటిది. లాటిన్‌లో ఈ మొదటిదాన్ని రుథేనియా అన్నారు. మీ అనువాదంలో ‘రుథేనియన్’ అనే మాట తగిలితే దయచేసి దాన్ని ‘రష్యన్’ చేయకండి.

ఇది ఎక్కడ కొంప ముంచుతుందో చెప్తాను. ఫ్రాన్సిస్క్ స్కరీనా అని ఒక ముద్రాపకుడు, పోలాత్స్క్ వాడు. 1517లో ప్రాగ్ నగరంలో బైబిల్ భాగాలను తన వాళ్ల కోసం అచ్చు వేయడం మొదలుపెట్టాడు. మొదట కీర్తనల గ్రంథం. ఆ ముద్రణకు ఆయన పెట్టిన పేరులో ‘రుస్క’ అనే విశేషణం ఉంది. దాన్ని ‘రష్యన్ బైబిల్’ అని రాసేస్తారు. ఒక్క మాటతో ఆయన వేరే దేశపు మనిషైపోయాడు! అలాగే లిథువేనియా మహాసంస్థానం. దాని పేరు చూసి లిథువేనియన్లదే అనుకోకండి. ఈనాటి బెలారస్ నేల దాదాపు అంతా అందులో భాగమే, దాని ప్రభుత్వ కార్యాలయాల రాతల భాష కూడా ఈ రుథేనియనే. వాళ్ల న్యాయస్మృతి మూడుసార్లు వచ్చింది: 1529, 1566, 1588. చివరిదానిలో, లేఖకుడు రుస్క అక్షరాల్లో, రుస్క మాటల్లో రాయాలని నియమం రాసిపెట్టారు. ఆ రుస్క మాటలు రష్యన్ కాదు. మరి ఏమని రాయాలి? బెలారస్ రాజధాని మిన్స్క్ పండితులు పాత బెలారసియన్ అంటారు, కీవ్ పండితులు పాత ఉక్రెయినియన్ అంటారు. దస్తావేజులు అవే! ఎవరి పక్షమూ తీసుకోకుండా రాయాలంటే ‘రుథేనియన్’ అనండి, ఒక చిన్న వాక్యంలో వివరణ ఇవ్వండి.

‘తెలుపు’ ఎందుకు వచ్చింది? ఇది అందరూ అడుగుతారు. తాతారులకు కప్పం కట్టని నేల కాబట్టి అని ఒక వాదం. దిక్కులకు రంగులు పెట్టే పాత పద్ధతిలో తెలుపు పడమర కాబట్టి అని ఇంకొకటి. తెల్లని నార బట్టలు కట్టేవాళ్లు కాబట్టి అని మరొకటి. ఏదీ రుజువు కాలేదు. మీరు రాసేటప్పుడు ఏదో ఒకటి పట్టుకుని ‘అందుకే ఆ పేరు వచ్చింది’ అని తేల్చేయకండి. తేలింది ఒక్కటే, ఈ పేరు చాలాకాలం దేశదిమ్మరిలా తిరిగింది. పాత యూరపు రచయితలు నోవ్‌గొరొద్‌ను తెల్ల రూస్ అన్నారు, మాస్కోను కూడా అన్నారు. 17వ శతాబ్దానికి వచ్చేసరికి పోలాత్స్క్, వీతెబ్స్క్, మహిలియోవ్ వైపు తూర్పు భాగం మీద నిలదొక్కుకుంది. పడమట నవహ్రూదక్ చుట్టూ ఉన్నదాన్ని నల్ల రూస్ అనేవారు. ల్వీవ్ వైపుది ఎర్ర రూస్. నలుపు, ఎరుపు పోయాయి, తెలుపు మిగిలింది.

మరి ఆ నేల మీద మనుషులు తమను తాము ఏమని చెప్పుకున్నారు? ఇది ముఖ్యం. 1586లో సలమోన్ రిసీన్‌స్కీ అనే యువకుడు జర్మనీలో ఆల్ట్‌డార్ఫ్ విద్యాలయంలో చేరుతూ తన పేరు పక్కన ‘లెవ్కొరుస్సుస్’ అని రాసుకున్నాడు. గ్రీకు, లాటిన్ కలిపి చేసిన మాట, తెల్ల రూస్ వాడు అని. తనను తాను ఇలా చెప్పుకున్న మనిషి గురించి మనకు తెలిసిన తొలి ఆధారం అదే. కానీ అది చదువుకున్నవాడి మాట. ఆ కాలంలో ఎక్కువమంది పెద్దింటివాళ్లు తమను లిత్వీన్ అనే చెప్పుకున్నారు, అంటే మహాసంస్థానపు మనిషి అని. పల్లెల్లో అడిగితే? ‘తుతెయ్‌షీ’ అనేవారు. ఇక్కడివాళ్లం అని. అంతే. ఏ జాతి? ఇక్కడివాళ్లం. ఏ భాష? ఇక్కడి భాష. ఈ నేల పడమటి భాగం పోలండ్ కింద ఉన్న కాలంలో, 1931 పోలండ్ జనగణనలో 7 లక్షల మందికి పైగా తమ మాతృభాష ‘ఇక్కడిది’ అని రాయించుకున్నారు, ఎక్కువమంది పొలేసియే ప్రాంతంలో. అంతకు ముందే, 1922లో, కవి యాంకా కుపాలా ఆ మాటనే పేరుగా పెట్టి ఒక నాటకం రాశాడు. కాబట్టి 18వ శతాబ్దపు రైతు గురించి రాస్తూ ‘అతడు బెలారసియన్‌నని గర్వంగా చెప్పుకునేవాడు’ అని మాత్రం రాయొద్దు. భాషాశాస్త్రవేత్త ఆ పేరు పెట్టవచ్చు. ఆ రైతు నోట మనం పెట్టకూడదు.

రష్యా సామ్రాజ్యంలోకి వచ్చాక ఇంకో మెలిక. 1772, 1793, 1795లో పోలండ్-లిథువేనియాను ముక్కలు చేసి పంచుకున్నప్పుడు ఈ నేల దాదాపు అంతా రష్యా చేతికి వెళ్లింది. అక్కడి ప్రభుత్వం లెక్కలో బెలారసియన్ ఒక భాష కాదు, రష్యన్‌లో ఒక మాండలికం. 1897 జనగణన పట్టికలు తీయండి. ‘రష్యన్’ అని పెద్ద శీర్షిక, దాని కింద మూడు గదులు: పెద్ద రష్యన్, చిన్న రష్యన్ అంటే ఉక్రెయినియన్, తెల్ల రష్యన్. ఆ మూడో గదిలో 58 లక్షల 85 వేల మంది. పాత పుస్తకాల్లో ‘రష్యన్లు’ అని కోట్లలో అంకె కనిపిస్తే ఈ మూడు గదులూ కలిపేశారేమో చూసుకోండి. తెల్ల రష్యన్ అనే మాట వెనక ఉన్నది ఇలాంటి లెక్కే. అందుకే ఆ మాటంటే బెలారస్ వాళ్లకు ఒళ్లు మండుతుంది.

తెలుగులో దానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ‘శ్వేత రష్యన్లు’ అంటే మనకు ఎవరు? 1917 తర్వాతి అంతర్యుద్ధంలో బోల్షివిక్కులతో పోరాడిన శ్వేతసేన వాళ్లు, ఓడిపోయి పారిస్‌కో, హార్బిన్‌కో పారిపోయినవాళ్లు. వాళ్లు వేరు. ఒక అనువాదంలో ‘శ్వేత రష్యన్ కుటుంబం’ అని వస్తే పాఠకుడు ఏమనుకోవాలి? మిన్స్క్ దగ్గరి రైతు కుటుంబమా, పారిస్‌లో టాక్సీ నడిపే మాజీ సేనాధికారి కుటుంబమా? కాబట్టి బెలారసియన్లకు శ్వేత రష్యన్ అనే మాట అసలే వద్దు. అనువదించొద్దు, పేరును పేరుగానే ఉంచండి.

ఇక 1991. ఈ తారీఖు రాసుకోండి: సెప్టెంబర్ 19. ఆ రోజు మిన్స్క్‌లోని సుప్రీం సోవియట్, అంటే అప్పటి పార్లమెంటు, దేశం పేరును రిపబ్లిక్ ఆఫ్ బెలారస్ అని మార్చింది. ఆ చట్టంలోనే ఇంకో మాట ఉంది: ఈ పేరును ఇతర భాషల్లోకి బెలారసియన్ ఉచ్చారణ ప్రకారం లిప్యంతరీకరించాలి అని. అనువదించాలి అనలేదు, లిప్యంతరీకరించాలి అన్నారు. అప్పటి దాకా ఇంగ్లిష్‌లో బైలోరష్యా, జర్మన్‌లో వైస్‌రుస్లాంట్, స్వీడిష్‌లో వీట్‌రిస్లాండ్, అన్నీ ‘తెల్ల రష్యా’లే. స్వీడన్ ప్రభుత్వం 2019 నవంబరులో బెలారస్ అని మార్చుకుంది. డెన్మార్క్ 2021లో, నార్వే 2022లో. జర్మన్ పత్రికలు చాలావరకు 2020 నిరసనల తర్వాత మారాయి. జర్మన్‌లో విశేషణం దగ్గర ఎస్ ఒకటా రెండా అని చరిత్రకారులు పెద్ద చర్చే చేశారు. రెండు ఎస్‌లు పెడితే ‘రష్యన్’కి జర్మన్ మాట యథాతథంగా కనిపిస్తుంది, ఒకటే పెట్టండి అన్నారు. ఇంగ్లిష్‌లో కూడా అంతే, ఒక్క ఎస్. రెండు ఎస్‌లు కనిపిస్తే అక్కడ సరిచూసినవాళ్లు లేరని అర్థం.

చైనా సంగతి ఇంకా సరదా. చైనీస్‌లో బెలారస్ పేరు బై-ఎలువోసి. బై అంటే తెలుపు, ఎలువోసి అంటే రష్యా. 2018లో బీజింగ్‌లోని బెలారస్ రాయబార కార్యాలయం, అయ్యా మమ్మల్ని బై-లువోసి అనండి, ఆ ఒక్క ‘ఎ’ అక్షరం తీసేయండి అని అడిగింది. చైనా వాళ్ల వాడుక మాత్రం పెద్దగా మారలేదు. లాత్వియన్‌లో అయితే తమాషా తలకిందులైంది. వాళ్ల భాషలో రష్యన్ అంటే ‘క్రీవ్స్’. ఆ మాట ఎక్కడిది? క్రివిచులు అనే పాత తెగ నుంచి. ఆ తెగ వాళ్లు ఎక్కడ ఉండేవారు? స్మోలెన్స్క్, ప్స్కోవ్ వైపే కాదు, పోలాత్స్క్ చుట్టుపక్కల కూడా, అంటే ఈనాటి బెలారస్‌లో!

రష్యన్ భాషలో కూడా గొడవ ఉంది. మాస్కోలో మామూలు వాడుకలో ఇప్పటికీ బెలొరుస్సియా అంటారు, మిన్స్క్‌లో రష్యన్ మాట్లాడేవాళ్లు బెలరూస్య్ అంటారు. మీరు రష్యన్ నుంచి అనువదిస్తున్నా సరే, తెలుగులో బెలారస్ అనే రాయండి. రష్యన్‌లోని ఆ తేడా మీ పాఠకుడికి అక్కర్లేదు, ఆ తేడా మీదే వ్యాసం అయితే తప్ప.

ఒక మినహాయింపు. ఐక్యరాజ్యసమితి 1945లో పుట్టినప్పుడు స్థాపక సభ్యుల్లో ఒకటి ‘బైలోరష్యన్ సోవియట్ సోషలిస్ట్ రిపబ్లిక్’. అది అప్పటి అధికారిక పేరు. దాన్ని మార్చి ‘బెలారస్ 1945లో సంతకం చేసింది’ అని రాస్తే చరిత్ర చెడుతుంది. సంస్థ పేరైతే ఆ కాలపు పేరే ఉంచండి, మనుషుల గురించైతే బెలారసియన్లు అనండి. ‘బైలోరష్యన్ రిపబ్లిక్‌లో బెలారసియన్ రైతులు’ అని ఒకే వాక్యంలో రెండూ రావచ్చు. అది అస్థిరత్వం కాదు. డెస్కులో ఎవరైనా రెంటినీ ఒకటి చేయబోతే ఆపండి.

వెనక ఉన్నవాళ్లకు వినపడుతోందా? సరే.

ఇప్పుడు రోజూ తగిలే సమస్య. బెలారసియన్ అంటే జాతా, పౌరసత్వమా, భాషా, దేశపు సంస్థా? ఇంగ్లిష్‌లో నాలుగింటికీ ఒకటే మాట. మనకు ఇది కొత్త కాదు. హోసూరులో తెలుగు మాట్లాడే మనిషి తెలుగువాడే, ఆంధ్రప్రదేశ్ వాడు కాదు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన ఉర్దూ మనిషి తెలంగాణ వాడే, తెలుగు మాతృభాష కాదు. ఈ తేడాలు మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. మరి బెలారస్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మరిచిపోతాం?

2009 జనగణన తీసుకోండి. మూడు వేరు వేరు ప్రశ్నలు అడిగారు. మీ జాతి ఏది? సుమారు 84 శాతం బెలారసియన్ అన్నారు. మీ మాతృభాష ఏది? 53 శాతం బెలారసియన్ అన్నారు. ఇంట్లో ఏం మాట్లాడతారు? 23 శాతం బెలారసియన్ అన్నారు. చూశారా? అదే మాట, అదే దేశం, 84, 53, 23. ‘బెలారస్‌లో 84 శాతం బెలారసియన్’ అని భాష గురించిన వ్యాసంలో రాస్తే ఎంత తప్పో ఆలోచించండి. అంకె రాసేముందు ఏ ప్రశ్నకు జవాబుగా వచ్చిందో చూడండి. 1990 భాషా చట్టం బెలారసియన్‌ను ఏకైక రాజభాష చేసింది, 1995 మే ప్రజాభిప్రాయ సేకరణ తర్వాత రష్యన్‌కు సమాన హోదా వచ్చింది. నగరాల్లో రోజువారీ మాట ఎక్కువగా రష్యనే. రెండూ కలగలిసిన మాటను ‘త్రసియాంక’ అంటారు. ఆ మాటకు అసలు అర్థం గడ్డిలో ఎండుగడ్డి కలిపిన మేత. అందులో చులకన ఉంది, కాబట్టి ‘ఫలానావారు త్రసియాంకలో ప్రసంగించారు’ అని తటస్థంగా వాడినట్టు వాడకండి.

స్వెత్లానా అలెక్సియేవిచ్. 2015 నోబెల్ సాహిత్య బహుమతి. పుట్టింది ఉక్రెయిన్‌లో, తండ్రి బెలారసియన్, తల్లి ఉక్రెయినియన్, రాసేది రష్యన్‌లో. ‘బెలారసియన్ రచయిత్రి’ అనొచ్చా? నిస్సందేహంగా అనొచ్చు. ‘బెలారసియన్ సాహిత్యానికి నోబెల్’ అని శీర్షిక పెట్టొచ్చా? అక్కడ ఆగాలి. భాష అనుకునే ప్రమాదం ఉంది. ‘బెలారస్ రచయిత్రికి నోబెల్’ అంటే సరిపోయింది. మార్క్ షగాల్ 1887లో వీతెబ్స్క్ దగ్గర యూదు కుటుంబంలో పుట్టాడు. అప్పుడది రష్యా సామ్రాజ్యం, తర్వాత ఆయన ఫ్రెంచి పౌరుడు. ‘బెలారసియన్ చిత్రకారుడు’ అంటే యూదు సంగతి మరుగైపోతుంది, ‘రష్యన్ చిత్రకారుడు’ అంటే వీతెబ్స్క్ మరుగైపోతుంది. ‘ఈనాటి బెలారస్‌లో పుట్టిన యూదు చిత్రకారుడు’ అని నాలుగు మాటలు ఎక్కువ రాస్తే ఏం పోతుంది? కవి ఆదమ్ మిత్స్‌కేవిచ్‌ది మరీ చిక్కు. 1798లో నవహ్రూదక్ దగ్గర పుట్టాడు, పోలిష్‌లో రాశాడు, తన ప్రసిద్ధ కావ్యాన్ని లిత్వాను, అంటే లిథువేనియాను, మాతృభూమీ అని పిలుస్తూ మొదలుపెట్టాడు. మూడు దేశాలు మావాడంటే మావాడంటాయి. అలాంటి చోట విశేషణం మానేయండి. ఊరు పేరు, భాష పేరు చెప్పి ఊరుకోండి.

క్రీడల పేజీలో ఇంకొకటి. 2022 తర్వాత చాలా పోటీల్లో బెలారస్ క్రీడాకారులు జెండా లేకుండా తటస్థులుగా ఆడారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంతే. ‘బెలారస్ క్రీడాకారిణి సబలెంకా’ అనడం తప్పు కాదు, అది ఆమె ఎవరో చెప్పడం. ‘బెలారస్ జట్టు పతకం గెలిచింది’ అని పారిస్ గురించి రాస్తే తప్పు, పట్టికలో ఆ దేశమే లేదు కాబట్టి.

మన తల్లిదండ్రులకు పనికొచ్చే సంగతి ఒకటి. తెలుగు రాష్ట్రాల నుంచి పిల్లలు మిన్స్క్, హ్రోద్న, వీతెబ్స్క్ వైద్య విశ్వవిద్యాలయాలకు వెళ్తున్నారు. కళాశాల పేరులో ‘బెలారసియన్ స్టేట్’ అని ఉంటే అది ప్రభుత్వానిది అని అర్థం. బోధన బెలారసియన్ భాషలో అని కాదు. పాఠాలు ఇంగ్లిష్‌లోనో రష్యన్‌లోనో ఉంటాయి, ఆస్పత్రిలో రోగితో మాట్లాడేది ఎక్కువగా రష్యన్‌లో. ఈ విషయం రాసే విలేకరి ‘అక్కడి బెలారసియన్ భాష నేర్చుకోవాలి’ అని రాస్తే పిల్లవాడు తప్పు పుస్తకం కొనుక్కుంటాడు.

తెలుగులో ఏం చేయాలి? మన అదృష్టం ఏమిటంటే మనకు ‘ఇయన్’ తోక అక్కర్లేదు. తెలుగులో పేరు పక్కన పేరు పెడితే చాలు. బెలారస్ ప్రభుత్వం, బెలారస్ పౌరుడు, బెలారస్ సరిహద్దు. ఇవన్నీ దేశం సంగతులు, ‘బెలారసియన్ ప్రభుత్వం’ అని బరువు పెంచొద్దు. భాషకూ జాతికీ మాత్రం బెలారసియన్ అని ఉంచండి. ఎందుకంటే ‘బెలారస్ భాషలు’ అంటే ఆ దేశంలోని రష్యన్ కూడా వస్తుంది, ‘బెలారసియన్ భాష’ అంటే ఒక్కటే. పోలండ్‌లో బియావిస్తోక్ చుట్టూ ఉన్నవాళ్లు బెలారసియన్లు, బెలారస్ వాళ్లు కారు. ఈ రెండు మాటలకూ రెండు పనులు అప్పగించామంటే సగం గందరగోళం తీరుతుంది. ‘బెలారసీయులు’ అని కొందరు రాస్తారు. తప్పు కాదు, కానీ జాతా, పౌరులా అన్నది తేలదు.

పేర్ల దగ్గర ఇంకో అయిదు నిమిషాలు ఓపిక పట్టండి. ఒకే మనిషికి రెండు రూపాలు ఉంటాయి, రష్యన్‌ది, బెలారసియన్‌ది. ఊనిక లేని ‘ఒ’ను బెలారసియన్‌లో ‘అ’గా పలకడమే కాదు, రాస్తారు కూడా. సబలెంకా అని బెలారసియన్, సొబొలెంకో అని రష్యన్. లుకషెంకా, లుకషెంకో. తర్వాత ‘గ’ దగ్గర వాళ్లది మన ‘హ’కు దగ్గరగా ఉంటుంది: గ్రోద్నో కాదు హ్రోద్న, గోమెల్ కాదు హోమెల్. పాస్‌పోర్టుల్లో ఇంగ్లిష్ అక్షరాలు సాధారణంగా బెలారసియన్ రూపం నుంచి వస్తాయి. అందుకే ఓల్గా కాస్తా వోల్హా అవుతుంది, సెర్గేయ్ సియర్హెయ్, తత్యానా తట్సియానా, ద్మిత్రీ ద్జ్మిత్రి. ఒక వార్తాసంస్థ ఓల్గా అని, ఇంకోటి వోల్హా అని పంపితే ఇద్దరు మనుషులని రాసేయకండి.

ఇక్కడ మన పాత అక్షరాలు గుర్తొస్తాయి, ౘ, ౙ. ‘ౘాప’, ‘ౙాబు’లో పలికేవి. బెలారసియన్ ‘త్స’, ‘ద్జ’ ధ్వనులు దాదాపు ఇవే. వాడొచ్చు కదా అంటారా? చిక్కేమిటంటే మన భాషలో ఇవి అ, ఉ, ఒ ముందు వస్తాయి, ఇ, ఎ ముందు రావు. వాళ్ల దగ్గర ఇ, ఎ ముందే ఎక్కువ. ‘విౘెబ్స్క్’ అని రాస్తే పాఠకుడు చె అనే చదువుతాడు. పైగా ఫోనులో సగం ఫాంట్లకు ఆ అక్షరాలు రావు. కాబట్టి విట్సెబ్స్క్ అని విడగొట్టి రాయండి, లేదా అలవాటైన వీతెబ్స్క్ ఉంచండి. ఏదో ఒకటి. వాళ్ల లిపిలో ఉ మీద చిన్న గిన్నె గుర్తుతో ఒక అక్షరం ఉంది, పలుకుబడి మన ‘ఔ’లో చివరి భాగం లాంటిది. ఆ అక్షరానికి 2003లో పోలాత్స్క్‌లో ఒక స్మారకం కూడా కట్టారు. రచయిత వసీల్ బికౌ పేరు చివర ఉన్నది అదే. రష్యన్ నుంచి వస్తే బికోవ్, బెలారసియన్ నుంచి వస్తే బికౌ. ఆయన రాసింది బెలారసియన్‌లో, కాబట్టి బికౌ అని రాసి, మొదటిసారి వచ్చినప్పుడు బికోవ్ అని కూడా ఒకసారి ప్రస్తావించండి. పాత తెలుగు పుస్తకాలు చదివినవాళ్లు ఆ రెండో పేరుతోనే వెతుకుతారు.

అలెక్సియేవిచ్ పేరును కూడా బెలారసియన్ రూపంలోకి మార్చాలా అని ఇక్కడి నుంచి ఒకరు చీటీ పంపారు. బెలారసియన్‌లో ఆమె మొదటి పేరు స్వియత్లానా. మార్చకండి. ఆమె రష్యన్‌లో రాస్తారు, ప్రపంచమంతా స్వెత్లానా అనే తెలుసు, పుస్తకాల అట్టల మీద అదే ఉంది. బెలారసియన్ రూపం వాడాలన్న నియమం ఊళ్లకూ, బెలారసియన్‌లో రాసేవాళ్లకూ, పాస్‌పోర్టు పేరే ఆధారమైన వార్తలకూ. మిగతా ప్రశ్నలుంటే అడగండి.